తల తిరుగుటకు మూలమెచ్చట?

మన పల్లెలలో ఎవరికైన తల తిరిగినచో "పైత్యము చేసినది" అని నిమ్మకాయయో అల్లమో చేతికిత్తుము. అది మాటిమాటికి వచ్చినచో మెదడునకు ముప్పు వాటిల్లినదని భయపడుదుము. చెవిని మాత్రము ఎవరును శంకింపరు. వినుటకు తప్ప చెవికి వేఱు పని లేదని మన నమ్మకము. ఐరోపా వైద్యులును చిరకాల మిట్లే తలచిరి. తల తిరుగుట యనగా మెదడునకు రక్తమెక్కుటయే యని, రోగికి జలగలను పట్టించి నెత్తురు తీయుచుండిరి. ఆ రోగి మఱింత నీరసించెడివాడు.

లోపలి చెవియందు నత్తగుల్ల వంటి భాగమొకటి కలదు, వినికిడి దానిది. దాని ప్రక్కనే అర్ధవృత్తాకారములైన మూడు సన్నని నాళములు కలవు. వానిలో ద్రవము నిండియుండును. 1820-1830 సంవత్సరముల నడుమ ఫ్రాన్సు దేశీయుడగు ఫ్లూరాన్స్ పావురముల చెవులలోని ఈ నాళములను కోసి చూచెను. వానికి వినికిడి చెడలేదు గాని, తిన్నగా నిలువలేక గిఱగిఱ తిరిగెను. ఏ నాళము కోసిన, దాని వాలునుబట్టియే తల యూగెను. అయినను ఈ సంగతి రోగి మంచము వఱకు రాలేదు.

తెచ్చినవాడు ప్రాస్పెర్ మెనియేర్. ఆయన 1838 మొదలు ప్యారిసు నగరమునందలి బధిర మూక విద్యాలయమునకు వైద్యుడు. కొందఱికి హఠాత్తుగా తల తిరిగి వాంతులగుట, చెవిలో హోరు పుట్టుట, క్రమముగా వినికిడి తగ్గుట ఆయన గమనించెను. అది మెదడు జబ్బే యైనచో కాలో చేయో పడిపోవలయును గదా! వీరికట్టిది లేదు, నడుమ నడుమ సుఖముగనే యుండిరి. కావున రోగమూలము లోపలి చెవియే యని 1861 జనవరి 8వ తేదీన వైద్య పరిషత్తులో ఆయన వ్యాసము చదివెను. పండితులు వెంటనే అంగీకరింపలేదు. మఱుసటి యేడే ఆయన మరణించెను. తరువాత ఆ రోగమునకు ఆయన పేరే నిలిచినది. లోపలి చెవిలో ద్రవము మితిమీఱి యుబ్బుట 1938లో ఇంగ్లండునందును జపానునందును వేర్వేరుగా కనుగొనబడినది.

అనుమానమును పరీక్షగా మార్చినవాడు వియన్నా నగర వైద్యుడు రాబర్ట్ బారానీ. చెవిని చన్నీటితో కడిగినపుడు రోగికి తల తిరిగి, కనుగ్రుడ్లు ఒక ప్రక్కకు అదరెను. వేడినీటితో కడిగినపుడు ఎదుటి ప్రక్కకు అదరెను. వేడిమిచే నాళములోని ద్రవము కదలుటయే దీనికి కారణమని ఆయన గ్రహించెను. ఏ చెవి చెడినదో తెలియుటకు గిన్నెడు నీరు చాలినది! ఇందులకు 1914వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. అప్పుడాయన రష్యాలో యుద్ధఖైదీ. విడుదలయైన పిదప 1916లో దానిని అందుకొనెను.

ప్రక్క మీద ఒత్తిగిలినప్పుడు క్షణకాలము లోకము తిరిగినట్లగుట వృద్ధులలో తఱచు. చెవిలోని సున్నపు రేణువులు చోటు తప్పి నాళములలో చేరుటయే దీని కారణము. 1952లో డిక్స్, హాల్‌పైక్ అను వైద్యులు దీనిని గుర్తించు పరీక్షను వివరించిరి. 1992లో ఎప్లీ అను అమెరికా వైద్యుడు తలను క్రమముగా త్రిప్పి రేణువులను స్వస్థానమునకు మరల్చు పద్ధతిని ప్రకటించెను. మందు లేదు, కత్తి లేదు. నేర్చిన చేతులు చాలును.

అయితే తల తిరుగుట యెల్ల చెవిదే యనరాదు. మాట తడబడినను, మూతి వంకరపోయినను, కాలుచేతులు స్వాధీనము తప్పినను అది మెదడు ముప్పు. గడియయైన జాగు సేయక ఆసుపత్రికి చేర్పవలెను. మెనియేర్ నేర్పినదియు ఇదియే: రోగమెచ్చటనున్నదో తెలిసికొన్న పిమ్మటనే చికిత్స. అది తెలియక తీసిన నెత్తురంతయు వ్యర్థమే యైనది గదా.