బ్రిటన్‌లో సోల్ ట్రేడర్ల వాహన ఖర్చులు

యునైటెడ్ కింగ్‌డమ్‌లో కంపెనీని నెలకొల్పకుండా, ఏకైక యజమానిగా సొంత వ్యాపారం లేదా వృత్తి చేసుకొనే వ్యక్తిని సోల్ ట్రేడర్ అంటారు. తాపీ మేస్త్రీలు, ప్లంబర్లు, టాక్సీ డ్రైవర్లు, ఇంటింటికీ వెళ్ళి పాఠాలు చెప్పేవారు ఎందరో ఈ కోవకు చెందుతారు. వీరు పని నిమిత్తం కారు, వ్యాను లేదా మోటారు సైకిలు నడిపినందుకైన ఖర్చును రాబడి నుండి తీసివేసి, మిగిలిన లాభంపై ఆదాయపు పన్ను చెల్లిస్తారు. తగ్గేది పన్ను వేయదగిన లాభమే కాని, ఖర్చు మొత్తం పన్ను నుండి తగ్గదు. ఈ తేడాను చాలామంది గమనించరు.

చట్టం

దీనికి ఆధారం 2005 నాటి ఆదాయపు పన్ను చట్టం (వ్యాపార, ఇతర ఆదాయాలు) 34వ సెక్షన్. "పూర్తిగా, కేవలం" వ్యాపారం కొరకు చేసిన ఖర్చునే మినహాయించవలెనని దీని సారాంశం. 1961 నాటి భారత ఆదాయపు పన్ను చట్టం 37వ సెక్షన్‌లోనూ ఇదే అర్థమిచ్చే పదబంధం ఉండేది. ఒకే వాహనాన్ని ఇంటికీ పనికీ వాడినచో, పనికి చెందిన వంతును వేరుచేసి చూపవచ్చును. కాని ఒకే ప్రయాణంలో సొంత పని, వ్యాపారం రెండూ ఉద్దేశాలుగా కలిసి ఉంటే ఆ ప్రయాణపు ఖర్చు చెల్లదు.

ఇంటినుండి పనిచోటికి

వివాదాలన్నీ ఎక్కువగా ఇక్కడే పుట్టినవి. 1952లో న్యూసమ్ వర్సెస్ రాబర్ట్‌సన్ కేసులో ఒక బారిస్టరు విప్స్‌నేడ్‌లోని తన ఇంటినుండి లండన్‌లోని ఛాంబర్‌కు వెళ్ళివచ్చే ఖర్చును అడిగాడు. సాయంత్రాలు ఇంటివద్దనే కేసు కాగితాలు చదువుకొనేవాడు. అయినను అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. ఇల్లు అక్కడ ఉండుట అతని ఇష్టమే కాని వృత్తికి అవసరం కాదని దాని భావం.

1971 నాటి హార్టన్ వర్సెస్ యంగ్ కేసు దీనికి భిన్నమైనది. ఈస్ట్‌బోర్న్‌లో నివసించే ఒక ఇటుకల మేస్త్రీకి స్థిరమైన పనిచోటు లేదు. పనిముట్లు, లెక్కల పుస్తకాలు ఇంటిలోనే ఉండేవి. పని ఒప్పందాలు ఇంటివద్దనే జరిగేవి. కొన్ని వారాలు ఒకచోట, మరికొన్ని వారాలు ఇంకొకచోట కట్టుబడి పని. కనుక అతని వ్యాపార స్థావరం ఇల్లేనని, అక్కడినుండి చేసిన ప్రయాణమంతా వ్యాపార ప్రయాణమేనని కోర్టు తీర్పు చెప్పింది.

దారిలో చిన్న పని పెట్టుకున్నంత మాత్రాన ప్రయాణ స్వభావం మారదు. ఆసుపత్రికి వెళ్ళివస్తూ పళ్ళ ప్రయోగశాల వద్ద ఆగిన దంతవైద్యుని వాదన 1978లో వీగిపోయింది. 2014 నాటి సమాదియాన్ కేసులో, ఒక వైద్యునికి ఇంటిలో నిజంగానే కార్యాలయం ఉన్నదని ఒప్పుకొనియు, క్రమం తప్పక రోగులను చూసే ప్రైవేటు ఆసుపత్రులకు ఇంటినుండి వెళ్ళే ఖర్చును అప్పర్ ట్రిబ్యునల్ నిరాకరించింది. ఇంట్లో బల్ల, కుర్చీ ఉంటే చాలుననే నమ్మకం దీనితో చెదిరిపోయింది.

లెక్కించే పద్ధతులు

మొదటిది అసలు ఖర్చుల పద్ధతి. ఇంధనం, బీమా, మరమ్మతులు, వాహన పన్ను వంటివన్నీ కూడి, మైళ్ళ నిష్పత్తిలో విడదీస్తారు. ఏడాదిలో నడిచిన 18,000 మైళ్ళలో 12,000 పనికైతే, 4,500 పౌండ్ల ఖర్చులో 3,000 పౌండ్లు చెల్లుతాయి. వాహనం కొన్న ధరకు క్యాపిటల్ అలవెన్స్ వేరుగా ఉంటుంది. ఇందులో కార్లకంటే వ్యాన్లకు నియమాలు అనుకూలం.

రెండవది 2013–14లో వచ్చిన మైలురేటు పద్ధతి. 2025–26 పన్ను సంవత్సరంలో కారు లేదా వ్యానుకు మొదటి 10,000 మైళ్ళకు మైలుకు 45 పెన్సులు, ఆపైన 25 పెన్సులు. మోటారు సైకిలుకు 24 పెన్సులు. 14,000 మైళ్ళు నడిపిన ప్లంబరుకు 4,500, 1,000 కలిసి 5,500 పౌండ్లు వస్తాయి. తరుగుదల, ఇంధనం, బీమా అన్నీ ఇందులోనే చేరిపోతాయి. పనిమీద చెల్లించిన పార్కింగు రుసుము, టోల్, వాహన రుణ వడ్డీలో పనికి చెందిన వంతు మాత్రం అదనంగా చూపవచ్చును. పార్కింగు జరిమానాలు ఏ పద్ధతిలోనూ చెల్లవు.

ఒక వాహనానికి మైలురేటును ఎంచుకుంటే, వ్యాపారంలో ఉన్నంతకాలం ఆ వాహనానికి అదే పద్ధతి కొనసాగించాలి. క్యాపిటల్ అలవెన్స్ పొందిన వాహనానికి ఈ రేటు వర్తించదు. పాతబడిన చిన్న కారులో ఎక్కువ తిరిగేవారికి మైలురేటు, ఖరీదైన వ్యాను కొన్నవారికి అసలు ఖర్చులు సాధారణంగా లాభిస్తాయి. అందుచేత మొదటి ఏడాదిలోనే రెండు విధాల లెక్కవేసి చూసుకొనుట మంచిది.

రికార్డులు

తేదీ, బయలుదేరిన చోటు, చేరిన చోటు, పని, మైళ్ళు రాసిన పుస్తకం ఏ పద్ధతికైనా అవసరం. రిటర్ను సమర్పించవలసిన జనవరి 31 తరువాత కనీసం 5 సంవత్సరాలు దీనిని భద్రపరచవలెను.