ఒంటికి అంటిన నగ

నగలంటే ఆడవాళ్ళకి పిచ్చి మోజు అని మగవాళ్ళు మనల్ని ఆటపట్టిస్తూంటారు. అలా అనేవాళ్ళని ఒకసారి పాలంపేట రామప్పగుడికి తీసుకువెళ్ళాలి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. చూరు కింద నల్లరాతి మదనికలు నిలబడి ఉంటారు. ఒంటిమీద బట్టకంటే నగలే ఎక్కువ. మెడలో హారాలు, చేతులకి దండకడియాలు, నడుముకి మొలనూలు, కాళ్ళకి అందెలు. ఒకామెకైతే పామే ఆభరణం! ఆ దగ్గరలోనే, భూపాలపల్లి జిల్లా గణపురం కోటగుళ్ళలోనూ ఇలాంటి మదనికలున్నారు. వాళ్ళెవరూ నగలు కావాలని అలిగినవాళ్ళు కారు. శిల్పే తన మోజుకొద్దీ తొడిగాడు.

అయితే ఆ శిల్పి ఒళ్ళు వేరుగా, నగ వేరుగా చెయ్యలేదు. రెండూ ఒకే రాతిలోంచి వచ్చాయి. హారం తీయాలంటే రాయి పగలాల్సిందే.

జనగామ దగ్గర పెంబర్తిలో విశ్వకర్మలు ఇత్తడి రేకుని సుత్తితో కొట్టి కొట్టి దేవుళ్ళ విగ్రహాలకి తొడుగులు చేస్తారు. ముందు ఒంటి కొలత, ఆ తర్వాతే లోహం.

మన నగలకీ కొలత మన ఒళ్ళే. కాని అవి దిగిపోతాయి. పిల్ల పెళ్ళికో, వానల్లేని ఏటికో తాకట్టు కొట్టుకి నడుస్తాయి. సాగిన చెవితమ్మె మాత్రం మనకి మిగులుతుంది.

మానుకోట, అదే మహబూబాబాద్, తండాల్లో పాతతరం లంబాడీ అవ్వల చేతులు చూశారా? మోచేతికి కిందా పైనా వరసగా తెల్లగాజులు. ఒకప్పుడు దంతంతో, ఎముకతో చేసేవారు, తరవాత ప్లాస్టిక్ వచ్చింది. చెంపల పక్కన జుట్టుకి వేలాడే వెండి ఘుగ్రీలు పెళ్ళయినదాని గుర్తు. భర్త పోతే అవి తీసెయ్యాలి. ఏళ్ళతరబడి చెంపలకి తగులుతూ, నడకతో కలిసి మోగిన నగ ఒక్కరోజులో పరాయిదవుతుంది. తండాలదాకా ఎందుకు, గాజులు పగలగొట్టే తంతు మన ఇళ్ళలో మాత్రం తెలియనిదా?

మోజు మనదేనని ఒప్పుకుందాం. పెట్టుకోవడం మన సరదా అయినప్పుడు, ఎప్పుడు తీయాలో చెప్పే మాట కూడా మనదే కావాలి. ఎనిమిది వందల ఏళ్ళుగా ఆ రాతి మదనికల్ని మాత్రం నగలు తీసెయ్యమని ఎవరూ అనలేదు.