బేగంపేట ఏరోడ్రోమ్ చూసిన రెండు యుద్ధాలు

2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాక, మా బేగంపేట విమానాశ్రయం చాలామందికి గోడ వెనకాల ఉన్న ఖాళీ స్థలంగానే మిగిలింది. అంతకుముందు కథ అడిగితే ఎక్కువమంది రెండు సంగతులు చెబుతారు. ఒకటి, నిజాం కాలంలో హైదరాబాద్ స్టేట్ ఏరో క్లబ్ ఇక్కడ వెలిసిందని. రెండోది, సర్దార్ పటేల్‌కు నిజాం చేతులు జోడించి స్వాగతం పలికిన ఫొటో ఇక్కడిదేనని. ఈ రెండింటి నడుమ రెండో ప్రపంచ యుద్ధం ఉంది. ఆ యుద్ధంలో హైదరాబాద్ పాత్ర అనగానే నిజాం ఇచ్చిన విరాళాల లెక్క మొదలవుతుంది, ఏరోడ్రోమ్ ఊసు రాదు. నా ఉద్దేశంలో అసలు విషయం ఈ నేలలోనే, అది సముద్రానికి ఎంత దూరంలో ఉందన్న దానిలోనే ఉంది. 1942లో మనకు కలిసివచ్చిన ఆ దూరమే 1948లో నిజాం ప్రభుత్వానికి ఉరితాడైంది.

ముందు విరాళాల సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918లో, ఫ్రాన్స్‌కు వెళ్లిన 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ విమానాలు ఏడో నిజాం కానుక. రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లు కూడా హైదరాబాద్ పేరు పెట్టుకున్నాయి. 152 బ్రిటన్ గగనతల యుద్ధంలో స్పిట్‌ఫైర్లతో పోరాడి, 1943 చివర్లో బర్మా వైపు వచ్చింది. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. ఇదంతా నిజమే, చిన్న విషయమూ కాదు. కానీ తలపాగా నిజాందైతే, డబ్బు తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతులు కట్టిన శిస్తుది. ఆ స్క్వాడ్రన్లలో ఎగిరినవాళ్లు ప్రధానంగా బ్రిటన్, దాని డొమినియన్ల యువకులు. హైదరాబాద్ పేరు ఎక్కడెక్కడో ఆకాశాల్లో తిరిగింది. హైదరాబాద్ ఆకాశంలో ఆ రోజుల్లో ఏం జరిగిందన్న ప్రశ్నకు ఈ లెక్కలో జవాబు దొరకదు.

జరిగింది చదువు. భారత వైమానిక దళానికి చెందిన ఒకటో నంబరు ప్రాథమిక విమాన శిక్షణ పాఠశాల యుద్ధకాలంలో బేగంపేటలో నడిచింది, రెండోది జోధ్‌పూర్‌లో. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఇక్కడ టైగర్ మాత్ విమానాల మీద మొదటి పాఠాలు నేర్చుకునేవారు. రెండు జతల రెక్కలు, వాటి మీద గుడ్డ తొడుగు, 130 గుర్రాల శక్తి ఇంజను, పైకప్పు లేని రెండు సీట్లు. గురువు మాట శిష్యుడికి ఒక గొట్టం గుండా వినిపించాలి. అందులో గట్టెక్కినవాళ్లు అంబాలాకు వెళ్లి హార్ట్, ఆడాక్స్, హార్వర్డ్ లాంటి బరువైన విమానాలు పట్టేవారు. 1939లో యుద్ధం మొదలైనప్పుడు భారత వైమానిక దళానికి ఉన్నది ఒక్క స్క్వాడ్రన్, చేతివేళ్ల మీద లెక్కపెట్టగల అధికారులు. 1945 నాటికి తొమ్మిది స్క్వాడ్రన్లు. ఇంగ్లండ్‌లోని క్రాన్‌వెల్ వైమానిక కళాశాలలో చదివి వచ్చిన కొద్దిమందితో ఇంత పెరుగుదల అయ్యేది కాదు. బర్మా యుద్ధంలో అరకాన్ మీదా, ఇంఫాల్ మీదా ఎగిరిన భారతీయ పైలట్లలో ఎందరికో మొదటి మెట్టు ఈ రెండు పాఠశాలల్లో ఏదో ఒకటి.

పాఠశాల యుద్ధ చరిత్ర ఎలా అవుతుంది, ఇక్కడ ఒక్క బాంబూ పడలేదు కదా అని అడగవచ్చు. పడకపోవడమే ఈ చోటి విలువ. 1942 ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో మీద దాడి చేశాయి. మర్నాడు ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోయారు. మద్రాసు ప్రభుత్వం తన కార్యాలయాలను లోపలి ఊళ్లకు తరలించింది. తీరం వెంబడి ఉన్న ఏ విమానస్థలమైనా ఆ నెలలో కాపలా మీదే కళ్లు పెట్టాలి. కొత్తవాడు టైగర్ మాత్‌ను వంకరటింకరగా దించుకుంటూ తప్పులు చేసే వీలు అక్కడ లేదు. తీరానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా లోపల, దక్కన్ పీఠభూమి మీద ఉన్న బేగంపేటకు ఆ వీలుంది. వానాకాలం దాటాక నెలల తరబడి తేటగా ఉండే ఆకాశమూ ఉంది.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బలమైనది. ఈ చోటును ఎంచుకున్నది దూరం చూసి కాదు, ఏరో క్లబ్ అప్పటికే ఉంది కాబట్టి. జోధ్‌పూర్‌లోనూ మహారాజా ఉమేద్ సింగ్‌కు విమానాల మీద మక్కువ ఉండేది కాబట్టి పాఠశాల అక్కడికి పోయింది అని. ఇందులో సగం ఒప్పుకోవాలి. సిద్ధంగా ఉన్న మైదానం, హ్యాంగర్లు, ఎగరడం తెలిసిన మనుషులు లేకుండా పాఠశాల రాదు. కానీ క్లబ్బులు మద్రాసులో ఉన్నాయి, బొంబాయిలో, కలకత్తాలో ఉన్నాయి. ఎంపిక చేసినవారి మనసులో ఏమున్నా, విశాఖ దాడి తర్వాత లోపలి నేలకు వచ్చిన విలువ తీరపు క్లబ్బులకు రాలేదు.

ఆరేళ్లు తిరిగేసరికి లెక్క తలకిందులైంది. ఒకప్పుడు నిజాంకు సముద్రతీరం ఉండేది. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాయి. 1947 తర్వాత, యూనియన్‌లో చేరని హైదరాబాద్‌కు చుట్టూ భారత భూభాగమే, ఆయుధాలు దించుకోవడానికి ఒక్క రేవు లేదు. ఆకాశమొక్కటే దారి. అందుకే ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి రాత్రివేళ ఆయుధాలు తెచ్చి బీదర్, వరంగల్ మైదానాల్లో దించాడు. ఆ పనికి తర్వాత లండన్ కోర్టు అతనికి జరిమానా వేసింది. పరాయి స్క్వాడ్రన్లకు డబ్బిచ్చిన సంస్థానానికి, పైలట్లను తీర్చిదిద్దిన మైదానం ఉన్న రాజధానికి, 1948 సెప్టెంబరులో సొంత వైమానిక దళం లేదు. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ మీదికి కదిలినప్పుడు పైన భారత టెంపెస్ట్ విమానాలకు ఎదురులేదు. 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, భారత సైన్యపు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లొంగిపోయాడు. బేగంపేటలో నేర్పిన విద్య మీద హక్కు నిజాంది కాదు, బ్రిటిషువారిది. వారు వెళ్లాక అది భారత వైమానిక దళానికి సంక్రమించింది. నిజాం పక్షపు సాయుధ దండైన రజాకార్ల దౌర్జన్యాల మధ్య ఉన్న జనానికి ఆ ఓటమి విముక్తిగా వచ్చిందన్నది మరువరానిది. ఆ సైనిక చర్య వెంట, ముఖ్యంగా మరాఠ్వాడా వైపు, ముస్లింల మీద జరిగిన హింస కూడా మరువరానిదే.

వలస ప్రభుత్వపు యుద్ధానికి, అదీ క్విట్ ఇండియా ఏడాదిలో, మన ఊరు ఉపయోగపడిందని రాసుకోవడమేమిటని కొందరు బాధపడతారు. ఆ బాధ న్యాయమైనదే. అయినా ఈ చరిత్ర సామ్రాజ్యంతో ముగియలేదు. దేశ విభజనతో సరిహద్దు జోధ్‌పూర్ దగ్గరికి జరిగింది. 1942లో లోపలి ఊరైన జోధ్‌పూర్ మీద 1965 సెప్టెంబరులో పాకిస్తాన్ విమానాలు బాంబులు వేశాయి. రెండేళ్లకు, 1967 అక్టోబరులో, రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ వైమానిక దళ అకాడమీకి శంకుస్థాపన చేసింది బేగంపేటకు ఉత్తరాన ఉన్న దుండిగల్‌లో. 1971 జనవరిలో మొదలైన ఆ అకాడమీలోనే ఇవాళ్టి పైలట్లు చదువుతున్నారు.