దుబాయ్‌కి ఉత్తరం

పరాయి దేశంలో మలయాళీతనం అనగానే మనకి ఓణం భోజనాలూ, కసవు చీరలూ గుర్తొస్తాయి. కానీ 1970ల చివర్లో గల్ఫ్ మలయాళీల్ని కదిలించింది ఒక పాట: నిలంబూరు కవి ఎస్.ఎ. జమీల్ రాసి, పాడిన ‘దుబాయ్ కత్తు’. కత్తు అంటే ఉత్తరం.

పాటంతా ఊళ్ళో మిగిలిపోయిన భార్య గల్ఫ్‌లోని భర్తకి రాసుకున్న ఉత్తరమే. మనిషి దగ్గర లేకుండా ఈ సంపాదన ఎందుకని, తన వయసు ఏం కావాలని నిలదీస్తుంది. తర్వాత భర్త జవాబునీ జమీలే పాట కట్టాడు.

మాప్పిళ పాటల్లో ఇది పాత దారే. అంతకు చాలా ముందే పులిక్కోట్టిల్ హైదర్, బళ్ళారి జైల్లో ఉన్న భర్తకి భార్య రాసిన ఉత్తరంగా మరియక్కుట్టి పాట కట్టాడు. అప్పుడు ఎడబాటుకి కారణం జైలు, తర్వాత కూలి.

పండగ భోజనం ఊరిని ముద్దుగా గుర్తుచేస్తుంది. ఈ పాట ఊరి నిష్ఠూరాన్ని వినిపించింది, అదీ ఇంటి యాసలో. క్యాసెట్లలో అది విన్నవాళ్ళకి తాము ఎవరో గుర్తుండటమే కాదు, ఎవరికి జవాబు బాకీ ఉన్నారో కూడా తెలిసింది. కరీంనగర్, కడప నుంచి గల్ఫ్ వెళ్ళిన మనవాళ్ళ ఇళ్ళకీ ఆ ప్రశ్న కొత్త కాదు.