ఒంటరి బాణీ జట్టు కట్టిన వైనం

ఐరిష్ జానపద సంగీతం అనగానే చాలామంది చెవుల్లో మోగేది ఒక బృందం. ఫిడేలు, ఫ్లూటు, పైపులు, మేకతోలు డప్పు అన్నీ కలిసి పరుగందుకున్న చప్పుడు. ఆ బాణీలు పాతవే, కొన్నిటికి రెండు మూడు వందల ఏళ్ళు ఉంటాయి. అయితే నాట్యం కోసం కాకుండా, జనం కూర్చుని వినడం కోసం వాటిని ఇలా బృందంగా కూర్చడం గట్టిగా మొదలైంది 1960 ప్రాంతంలోనే. అంతకుముందు ఆ సంగీతం చాలావరకు ఒక్కడిది.

చూపు లేని హార్పు విద్వాంసుడు టర్లో ఓ కారొలాన్ (1670–1738) గుర్రమెక్కి ఊరూరా తిరిగేవాడు. జమీందార్ల ఇళ్ళల్లో బస చేసి, ఆ ఇంటివాళ్ళ పేరు మీద బాణీ కట్టి ఇచ్చేవాడు. ఆయన పోయాక అర్ధశతాబ్దానికి ఆ వృత్తే కొడిగట్టింది. 1792లో బెల్‌ఫాస్ట్‌లో హార్పు సమ్మేళనం పెడితే ఐర్లండ్ మొత్తం మీద వచ్చినవాళ్ళు పదిమంది. వాళ్ళలో తొంభై దాటిన డెనిస్ హెంప్సన్ లోహపు తీగలను గోళ్ళతో మీటాడు. ఆ బాణీలు రాసుకోమని పురమాయించింది ఎడ్వర్డ్ బంటింగ్ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడిని. అతను ఆ పనిని జన్మంతా వదల్లేదు.

పల్లెల్లో నాట్యానికి వాయించే ఫిడేలువాడూ, పైపులవాడూ ఒంటరివాళ్ళే. ఇలిన్ పైపులు చూస్తే ఆ ఒంటరితనానికి కారణం తెలుస్తుంది. అది నోటితో ఊదేది కాదు. కుడి మోచేతి కింద చిన్న కొలిమితిత్తి లాంటిది కట్టుకుని గాలి కొడతారు. ఎడమ మోచేతి కింద సంచీ ఆ గాలిని నిలుపుతుంది. వేళ్ళు బాణీ పలికిస్తుంటే మూడు గొట్టాలు శ్రుతి పడతాయి. మరో మూడు గొట్టాల మీటలను మణికట్టు అంచుతో నొక్కితే తోడు స్వరాలు వస్తాయి. అంత వాద్యం ఒక్కడి ఒళ్ళో ఉన్నప్పుడు రెండోవాడి అవసరం ఏముంది?

జట్టు కట్టే అవసరం వలస వల్ల వచ్చింది. 1918లో లండన్‌లోని ఐరిష్ వాళ్ళ కోసం ఫ్రాంక్ లీ నడిపిన బ్యాండును తొలి కేలీ (సామూహిక నాట్యాల) బ్యాండుగా చెబుతారు. అటు అమెరికాలో, కార్క్ జిల్లాలో పుట్టి షికాగో పోలీసు పెద్దగా ఎదిగిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో 1850 బాణీలతో ఒక మహాసంకలనం తెచ్చాడు. 1920ల్లో స్లైగో ఫిడేలువాడు మైకేల్ కోల్‌మన్ న్యూయార్క్‌లో ఇచ్చిన గ్రామఫోను రికార్డులు సముద్రం దాటి తిరిగొచ్చి, సొంత ఊళ్ళవాళ్ళ వాయింపునే మార్చేశాయి. 1935లో ఐర్లండ్‌లో బహిరంగ నాట్యశాలలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఇళ్ళల్లో జరిగే నాట్యాలు తగ్గి, హాళ్ళల్లోకి మారాయి. పెద్ద హాలు నిండాలంటే ఒక్క ఫిడేలు చాలదు. పదిమంది ఒకే బాణీని ఒక్కసారిగా వాయించే బ్యాండ్లు, పియానో, డ్రమ్ములతో సహా, ఊరూరా వెలిశాయి.

ఈ మోత భరించలేనివాడు షాన్ ఓ రియాడా. 1931లో కార్క్‌లో పుట్టాడు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్చినవాడు, డబ్లిన్ ఆబీ థియేటర్‌కు సంగీత దర్శకుడు. 1959లో ‘మిషె ఏరె’ చిత్రానికి పాత బాణీలను ఆర్కెస్ట్రాకు కూర్చి దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది ‘క్యోల్తోరీ ఖూలన్’ అనే బృందాన్ని కూడగట్టాడు. అతని పద్ధతి సులువుగా కనిపిస్తుంది గానీ చాలా ఆలోచించి పెట్టింది. బాణీని ముందు ఒక్క వాద్యానికి ఇస్తాడు, తర్వాత ఇద్దరికి, మళ్ళీ మరొకరికి. చివరికి అందరూ కలుస్తారు. అలా ఒక్కొక్కరి గమకం, ఊపిరి, విరుపు విడిగా వినబడతాయి. డిసెంబరు 26 నాటి ఊరేగింపులకే ఎక్కువగా పరిమితమైన బౌరాన్ అనే డప్పును వేదికెక్కించాడు. తాను హార్ప్సికార్డ్ ముందు కూర్చున్నాడు, హెంప్సన్ కాలపు లోహపు తీగల ధ్వనికి అదే దగ్గరని. 1962 రేడియో ప్రసంగాల్లో కేలీ బ్యాండ్లను దులిపేశాడు. ఆ కోపం కాస్త ఎక్కువే అనిపిస్తుంది నాకు. ఆ బ్యాండ్లే లేకపోతే ఎన్నో ఫిడేళ్ళు అటకెక్కేవి. అయినా ఒంటరి వాద్యకారుడి విలువ జట్టులో కరిగిపోకూడదన్న అతని పట్టుదల ముందు తలవంచక తప్పదు. 1971లో, నలభై ఏళ్ళకే పోయాడు.

అతని బృందంలో పైపులు వాయించిన పాడీ మొలోనీ 1962లో ‘చీఫ్టన్స్’ మొదలుపెట్టి ఆ పద్ధతిని ప్రపంచమంతా తిప్పాడు. 1983లో చైనా మహాకుడ్యం మీద కూడా వాయించారు. 1972లో పుట్టిన ‘ప్లాంక్స్టీ’ బృందం మరో మలుపు. జానీ మొయినిహన్ 1960ల్లో ఐర్లండ్‌కు తెచ్చిన గ్రీకు తీగల వాద్యం బూజూకీ వాళ్ళ చేతుల్లో ఐరిష్ వాద్యమే అయిపోయింది. లియమ్ ఓఫ్లిన్ పైపుల కింద దాని తీగలు అల్లుకుంటుంటే విన్న పడుచువాళ్ళు పైపులు నేర్చుకోవడానికి ఎగబడ్డారు. 1968లో పైపుల వాళ్ళు సంఘం పెట్టుకునేనాటికి దేశంలో వాయించేవాళ్ళు వందమంది కూడా లేరు. 2017లో ఆ పైపుల వాదనం యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది.

స్కాట్లండ్‌లోనూ అదే కాలంలో ‘టానహిల్ వీవర్స్’, ‘బాటిల్‌ఫీల్డ్ బ్యాండ్’ వచ్చి, అక్కడి పైపులను ఫిడేలు, గిటార్ల పక్కన నిలబెట్టాయి. వీటన్నిటికీ ‘కెల్టిక్’ అనే ముద్ర వేసి రికార్డు కంపెనీలు అమ్ముకోవడం తర్వాతి సంగతి.

1975లో కుబ్రిక్ తీసిన ‘బారీ లిండన్’లో చీఫ్టన్స్ వాయించిన ‘ఐర్లండ్ స్త్రీలు’ అనే పాట బాణీ వినిపిస్తుంది. పద్దెనిమిదో శతాబ్దపు కథకు అది అచ్చంగా అతికింది. దాని సాహిత్యం ఆ శతాబ్దపు కవి పెదర్ ఓ డోర్నిన్‌దే. బాణీ మాత్రం షాన్ ఓ రియాడాది.