గ్యాసుకు వాసన ఎలా వచ్చింది?

వంటింట్లో గ్యాసు లీకయితే ముందుగా పసిగట్టేది మన ముక్కే. నిజానికి ఆ వాసన గ్యాసుది కాదు. వంటగ్యాసులో ప్రధానంగా ఉండే ప్రొపేన్, బ్యూటేన్‌లకు చెప్పుకోదగ్గ వాసన లేదు. మనకు తెలిసే ఘాటు వాసన అందులో కావాలని కలిపిన ఈథైల్ మెర్‌కాప్టన్ అనే గంధక సమ్మేళనానిది. దీని చరిత్రలో ఒక పెద్ద విషాదం ఉంది.

1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, న్యూ లండన్ అనే ఊరి పాఠశాల పేలిపోయింది. భవనాన్ని వెచ్చగా ఉంచడానికి వాడే సహజవాయువు లీకై నేల కింది ఖాళీలో పోగయింది. వాసన లేనందువల్ల ఎవరూ గుర్తించలేదు. ఒక విద్యుత్ యంత్రం నుంచి రేగిన నిప్పురవ్వతో అది అంటుకుంది. సుమారు 300 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది పిల్లలే. వాయువుకు వాసన కలిపే పద్ధతి అంతకుముందే కొన్నిచోట్ల ఉన్నా, ఈ దుర్ఘటన తర్వాత అదే ఏడాది టెక్సాస్ దాన్ని చట్టం చేసింది. క్రమంగా ఇతర ప్రాంతాలూ ఆ బాట పట్టాయి.

మన దేశంలో వంటగ్యాసు 1955లో బొంబాయిలో మొదలైంది. 1965లో కలకత్తాలో ఇండేన్ తొలి కనెక్షన్ ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకం, దేశమంతటా 2016లో వచ్చిన ఉజ్వల పథకం పేద ఇళ్లకు గ్యాసు చేర్చాయి. కట్టెల పొయ్యి పొగ, వెలుగుతున్న స్టవ్వులో కిరోసిన్ పోసే ప్రమాదం తగ్గాయి. కానీ కొత్త ఇంధనంతో కొత్త జాగ్రత్తలూ అవసరమయ్యాయి.

వంటగ్యాసు గాలికంటే బరువైనది. లీకయితే పైకి పోకుండా నేలబారున పరుచుకుంటుంది. అందుకే వాసన రాగానే తలుపులు, కిటికీలు తెరవాలి, రెగ్యులేటరు ఆపాలి. లైటు స్విచ్చి వేయకూడదు, వేసి ఉన్నదాన్ని ఆపనూ కూడదు. రెండింటిలోనూ నిప్పురవ్వ పుట్టవచ్చు. బయటికి వచ్చాక 1906 నంబరుకు ఫోను చేయాలి. ఇంకొక సంగతి: కొద్దిసేపు పీల్చాక ముక్కు ఆ వాసనకు అలవాటుపడిపోతుంది. వాసన తగ్గినట్టనిపించినంత మాత్రాన గ్యాసు పోయినట్టు కాదు.

బాణలిలో నూనె అంటుకుంటే మాత్రం నీళ్లు పోయకండి. నీరు క్షణంలో ఆవిరై మండే నూనెను చిమ్ముతుంది. పొయ్యి ఆపి, మూత పెడితే గాలి అందక మంట ఆరిపోతుంది.

వాసన హెచ్చరిక మాత్రమే చేస్తుంది. తర్వాతి పని మనుషులది. మీ ఇంట్లో రెగ్యులేటరు ఆపడం ఎంతమందికి వచ్చో ఈ రోజే అడిగి చూడండి. రానివారికి మీరే నేర్పండి.