బయటి ఎద్దు, లోపలి ఎద్దు

నూర్పిడి మిషన్లు రాకముందు మా చోడవరం వైపు కళ్ళాల్లో ఎడ్లకి బంతి కట్టి వరి తొక్కించేవారు. నడుమ రాట, దాని చుట్టూ వరసగా ఎడ్లు. రాట పక్కనున్నది ఉన్నచోటే మెల్లగా తిరుగుతుంది. చివరిది మాత్రం అదే చుట్టు ముగించడానికి పరుగులాంటి నడక నడవాలి. అందుకే ముసలిదాన్ని లోపల, పడుచుదాన్ని బయట కట్టేవారు. అది చూసినవాళ్ళకి కంప్యూటర్లో హార్డ్ డిస్కు అంచున చురుగ్గానూ, లోపల మందంగానూ ఎందుకు పనిచేస్తుందో సగం తెలిసినట్టే.

మిగతా సగానికి గ్రామఫోను దగ్గర్నించి రావాలి. ఎమిల్ బెర్లినర్ దానికి 1887లో పేటెంటు పుచ్చుకున్నాడు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట ప్లేటుకెక్కింది. తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్, కపిలవాయి రామనాథశాస్త్రి గారి పద్యాలు మన ఇళ్ళకొచ్చాయి. నిమిషానికి 78 చుట్లు. పది అంగుళాల ప్లేటు అంచున ముల్లు కింద సెకనుకి దాదాపు మీటరు గాడి సాగుతుంది. నడిమికొచ్చేసరికి అందులో సగం కూడా ఉండదు. అంత పాటా ఆ కాస్త చోట్లో ఇరుక్కోవాలి. సన్నటి స్వరాలు మొద్దుబారతాయి. అన్యాయమేమిటంటే, మన పాట జోరందుకునేది చివర్లోనే! నింపాదిగా ఎత్తుకునే పల్లవికి విశాలమైన వాకిలి, ముక్తాయింపుకి ఇరుకు వంటిల్లు. ఎక్కువ పని జరిగే చోటే ఇరుగ్గా ఉండడం మనకి కొత్తా ఏమిటి?

1956లో ఐబీఎం వారి రామాక్ యంత్రం వచ్చింది. 24 అంగుళాల పళ్ళేలు యాభై, అన్నీ కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు. అంచు చుట్టులోనూ, లోపలి చుట్టులోనూ సరిగ్గా ఒకటే లెక్క. వేగం ఎక్కడైనా సమానమే, సర్క్యూట్లూ సులువే. కానీ పెద్ద విస్తరిలో కూడా చిన్న విస్తరిలో వడ్డించినన్ని గారెలే వడ్డిస్తే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? బోలెడు జాగా దండగ.

1990ల్లో చేసిన డిస్కుల్లో ఆ పద్ధతి మారిపోయింది. పళ్ళేన్ని వలయాలుగా విడదీసి, బయటి చుట్లలో ఎక్కువ అక్షరాలు పెట్టారు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు ఎక్కడైనా సెకనుకి 120 చుట్లే తిరుగుతుంది. కానీ అంచున ఒక్క చుట్టుకి దొరికే అక్షరాలు లోపలికంటే దాదాపు రెట్టింపు. సాధారణంగా డిస్కు నిండేది అంచునించి లోపలికి. కొత్తలో చకచకా సాగిన యంత్రం తర్వాత నీరసించడానికి ఇదీ ఒక కారణం.

1982లో వచ్చిన సీడీది వేరే దారి. లోపల మొదలుపెట్టి, బయటికి పోయేకొద్దీ 500 చుట్లనించి 200కి తగ్గుతుంది. ఒక వరసలో సాగే పాటకి అది సరిపోయింది. హార్డ్ డిస్కులో చదివే ముల్లు క్షణానికోచోటికి గెంతుతుంది. గెంతినప్పుడల్లా మోటారు వేగం మార్చుకుంటూ కూచుంటే పని సాగదు.

అటకమీది ప్లేట్లని కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ళు దీనికి బెంగపడక్కర్లేదు. ద్వారం వారి వయొలిన్ డిస్కులో లోపలి చుట్టుకి చేరినా, కాపీ తీయడానికి కాస్త ఎక్కువసేపు పడుతుందేగాని స్వరం మొద్దుబారదు. ప్లేటుమీద చివరి గాళ్ళలో అప్పుడే పోయిన స్వరాన్ని మాత్రం ఏ డిస్కూ తిరిగి తేలేదు.